లడఖ్ వెలుగులు ఎలా తేలాయి, మీ ఊరి వెలుగు ఎలా తేలుతుంది

మీ ప్రశ్న చదివాను. కొన్నాళ్లుగా తెల్లవారుజామున ఊరికి తూర్పున, కొండ మీదుగా ఒక తెల్లటి వెలుగు కనిపిస్తోందని, అది మెల్లగా కదులుతోందని, ఫోనులో తీస్తే రంగులు మారుతోందని రాశారు. ఊళ్లో కొందరు డ్రోన్ అంటున్నారు, కొందరు ఇంకేదో అంటున్నారు. ఇలాంటివాటిని ప్రభుత్వం నిజంగా దర్యాప్తు చేస్తుందా, లడఖ్‌లో సైన్యం చూసిన వెలుగుల సంగతి చివరికి ఏమైంది అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా బడుల్లో, ఊళ్లలో టెలిస్కోపు పెట్టి జనానికి ఆకాశం చూపిస్తున్నవాణ్ని. ఆ పని చేసేవాడికి "నిన్న రాత్రి ఏదో చూశామండీ" అనే ఫోన్లు తప్పవు. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు సూటి జవాబు. మన దేశంలో ఇందుకోసమే ఒక కార్యాలయం అంటూ లేదు. ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడి అంతరిక్ష సంస్థలోనే 1977 నుంచి ఒక చిన్న విభాగం ఈ పని చేస్తోంది. వచ్చిన ప్రతి ఫిర్యాదునూ పరిశీలించి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా విడదీస్తుంది. పూర్తిగా తేలినవి ఏ, దాదాపు తేలినవి బీ, సమాచారం చాలక వదిలేసినవి సీ, సమాచారం బాగానే ఉన్నా తేలనివి డీ. నాకు ఈ పద్ధతిలో నచ్చేది సీ తరగతి. "మాకు తెలియలేదు" అనడం వేరు, "మీరు చెప్పినది చాలలేదు" అనడం వేరు. ఈ రెంటినీ కలిపేసి "శాస్త్రవేత్తలకూ అంతుచిక్కని రహస్యం" అని రాస్తే వార్త అమ్ముడుపోతుంది, అంతే. ఇలాంటి దర్శనాల మీదే అమెరికా వాయుసేన నడిపిన బ్లూ బుక్ ప్రాజెక్టు 1969లో మూతపడేనాటికి 12,618 ఘటనలు నమోదు చేస్తే 701 తేలకుండా మిగిలాయి. ఆ 701 చుట్టూ తిరిగినన్ని టీవీ కార్యక్రమాలు మిగతా పదకొండు వేల పైచిలుకు చుట్టూ తిరగలేదు.

మన దగ్గర అవసరం వచ్చినప్పుడు ఎవరి పరిధిలోకి వస్తే వాళ్లు చూస్తారు. వస్తువు నేల మీద పడితే పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చి ఇస్రోకు కబురు చేస్తారు. సరిహద్దు అయితే సైన్యం. సైన్యానికి తేలకపోతే ఖగోళ శాస్త్రవేత్తలు. లడఖ్‌లో జరిగింది ఇదే.

2012 ఆగస్టు నుంచి పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో కాపలా ఉన్న సైనికులు, ఐటీబీపీ (భారత్-టిబెట్ సరిహద్దు పోలీసు) జవాన్లు వరుసగా నివేదికలు పంపడం మొదలుపెట్టారు. పసుపు రంగు గోళాల్లాంటి వెలుగులు చైనా వైపు దిగంతం నుంచి పైకి లేస్తున్నాయి, మూడు నుంచి ఐదు గంటల పాటు ఆకాశంలో నెమ్మదిగా ప్రయాణించి మాయమవుతున్నాయి. అప్పటికే సరిహద్దులో వాతావరణం వేడిగా ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో లడఖ్‌లోనే ఉన్న దెప్సాంగ్‌లో రెండు సైన్యాలూ మూడు వారాలు ఎదురెదురుగా గుడారాలు వేసుకుని కూర్చున్నాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అలాంటి చోట కాపలా ఉన్నవాడు తూర్పున లేచిన వెలుగును చైనా డ్రోన్ అని అనుమానించకపోతేనే తప్పు. అతని ఉద్యోగమే అది.

సైన్యం ఊరుకోలేదు. సంచార రాడార్‌ను, రేడియో సంకేతాలను పట్టే పరికరాన్ని సరస్సు దగ్గరి కొండ మీదకు ఎక్కించారు. కంటికి స్పష్టంగా కనిపిస్తున్న వస్తువు రాడార్‌కు చిక్కలేదు. సంకేతాలేవీ దొరకలేదు. నిఘా డ్రోన్‌ను దాని వైపు పంపితే, అది వెళ్లగలిగినంత ఎత్తుకు వెళ్లి కూడా వెలుగును అందుకోలేక తిరిగి వచ్చింది. 2012 నవంబరులో ఈ వివరాలు పత్రికల్లోకి ఎక్కాయి. రాడార్‌కు దొరకలేదు కాబట్టి అది లోహంతో చేసినది కాదు అన్న వ్యాఖ్య కూడా వాటితో పాటే వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. రాడార్‌కు దొరకకపోతే రెండు అర్థాలు ఉండవచ్చు. ఒకటి, వస్తువు రాడార్ తరంగాలను వెనక్కి పంపేది కాదు. రెండు, వస్తువు రాడార్ పరిధిలోనే లేదు. మొదటిది వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండోది చప్పగా ఉంటుంది. ఆ శీతాకాలంలో గురుగ్రహం మనకు బాగా దగ్గరగా వచ్చినప్పుడే దాదాపు 60 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి ఏ సంచార రాడార్ సరిపోతుంది, ఏ డ్రోన్ అందుకుంటుంది?

ఇక జవాన్ల వర్ణననే మళ్లీ చదవండి. తూర్పున లేచింది, గంటల తరబడి నెమ్మదిగా కదిలింది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశంలో ప్రతి చుక్కా గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మూడు గంటల్లో 45, ఐదు గంటల్లో 75 డిగ్రీలు. దిగంతం నుంచి నడినెత్తి దాకా 90 డిగ్రీలే కాబట్టి, ఐదు గంటలు చూసినవాడికి ఆ వెలుగు చైనా కొండల మీద లేచి తన నెత్తి దాకా వచ్చినట్టే అనిపిస్తుంది. పాపం, జవాన్లు చూసింది చూసినట్టే రాశారు. వాళ్ల మాటల్లోనే జవాబు ఉంది. దాన్ని చుక్కల వేగంతో సరిపోల్చి చూసే మనిషి మాత్రం అప్పటికి పక్కన లేడు.

ఆ మనుషులు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ నుంచి వచ్చారు. ఈ సంస్థకు అదే లడఖ్‌లోని హాన్లేలో, సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తున వేధశాల ఉంది. అక్కడి టెలిస్కోపు అద్దం రెండు మీటర్లది. అయితే ఈ చిక్కుముడి విప్పింది అంత పెద్ద అద్దం కాదు. ఏ సమయానికి, ఏ దిక్కున, దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపించింది అన్న లెక్క. ఆ లెక్క చేతికి వస్తే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఈ వెలుగు వెనకున్న నక్షత్రాలతో కలిసి కదులుతోందా, వాటిని దాటుకుంటూ పోతోందా? కలిసి కదిలితే అది ఆకాశానిది. దాటుకుంటూ పోతే మనకు దగ్గరలో ఎగిరేది. లడఖ్ వెలుగులు నక్షత్రాలతో కలిసే కదిలాయి. 2013 జులైలో బయటికి వచ్చిన నిర్ధారణ ఏమిటంటే, సాయంత్రం నుంచి కనిపిస్తున్నది గురుడు, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ కనిపిస్తున్నది శుక్రుడు.

అప్పటికి సైన్యం లెక్కలో 329 దర్శనాలు ఉన్నాయి, వాటిలో 155 మన భూభాగం మీదకు వచ్చినవిగా నమోదయ్యాయి. ఈ అంకెలు చూసి చాలామంది "మూడు వందలసార్లు రెండు గ్రహాలేనా, ఎవరిని నమ్మిస్తారు" అన్నారు. నేనైతే ఆ అంకెలే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయంటాను. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా సుమారు రెండు వందల రాత్రులు. రాత్రికి రెండు గ్రహాలు. మబ్బు పట్టిన రాత్రులు కొన్ని, కొండ అడ్డొచ్చిన కాపలా చోట్లు కొన్ని, కొత్త ఏడాది మొదలయ్యాక శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయిన వారాలు కొన్ని తీసేస్తే మూడు వందల చిల్లర దగ్గరకే వస్తుంది. ఇది నా ఉజ్జాయింపు, సైన్యం వేసిన లెక్క కాదు. ఆ 155 చొరబాట్లంటారా, తూర్పున లేచిన చుక్క పడమటికి రాకుండా ఎక్కడికి పోతుంది?

ఒక విషయం దాచకూడదు. నవంబరు నాటి తొలి కథనాల్లో, శాస్త్రవేత్తలు మూడు రోజులు చూసి ఇవి గ్రహాలు కావన్నారని కూడా రాశారు. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన నిర్ధారణ దానికి సరిగ్గా ఎదురు. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరిగేది మొదటి కథనమే. రెండో దాన్ని వెతుక్కోవాలి. ఈ రంగంలో ఏ వార్తనైనా తేదీ చూడకుండా చదవవద్దని నేను ఊరికే మొత్తుకోను.

"సరిహద్దులో ఏళ్ల తరబడి పనిచేసిన సైనికుడికి శుక్రుడు తెలియదా" అని మీకు అనిపించవచ్చు. పల్లెలో పుట్టినవాడికి వేగుచుక్క తెలియకపోదు. కానీ పాంగాంగ్ నాలుగు వేల మీటర్లకు పైన ఉంది. గాలి పలచన, దుమ్ము లేదు, తేమ లేదు. మైదానంలో దిగంతం దగ్గర మసకబారి కనిపించే గ్రహం అక్కడ కొండ అంచు దాటగానే దీపం వెలిగించినట్టు బయటపడుతుంది. పైగా చీకట్లో ఆసరాగా మరేదీ లేకుండా ఒక్క వెలుగు చుక్కనే తదేకంగా చూస్తే, కదలనిది కూడా అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తుంది. ఇది కంటి జబ్బు కాదు, అందరి కళ్లూ ఇంతే. ఈ రాత్రి ఏదైనా ఒంటరి చుక్కను రెండు నిమిషాలు చూడండి, మీకే తెలుస్తుంది.

లడఖ్ చిక్కు కొలతలు లేక వచ్చింది. కొలతలున్నా తేలని దర్యాప్తు ఇంకోటి ఉంది. అది చెప్పకపోతే "అధికారిక దర్యాప్తు" అన్న మాటకు సగం అర్థమే తెలుస్తుంది.

1977 సెప్టెంబరు 20, తెల్లవారుజాము సుమారు నాలుగు గంటలు. సోవియట్ యూనియన్‌లో, ఒనెగా సరస్సు ఒడ్డున పెట్రోజవోద్స్క్ అనే ఊరు. ఆకాశంలో ఒక వెలుగు చుక్క పుట్టి, పెరిగి, జెల్లీఫిష్ ఆకారంలో విచ్చుకుని, ఊరి మీదకు కిరణాల వాన కురిపించినట్టు పది నిమిషాల పైన కనిపించింది. వార్త సోవియట్ పత్రికల్లోనే వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ అది మామూలు సంగతి కాదు. ఉత్తరాలు వెల్లువెత్తాయి, పొరుగు దేశాలు కూడా ఇదేమిటని అడిగాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం ఏకంగా ఒక రహస్య దర్యాప్తు కార్యక్రమాన్నే మొదలుపెట్టింది. సెట్కా దాని పేరు. ఒక శాఖ సైన్స్ అకాడమీ కింద, ఇంకో శాఖ రక్షణ శాఖ కింద. 1990 దాకా నడిచింది.

ఆ వెలుగు ఏమిటో తెలిసినవాళ్లు మొదటి రోజు నుంచీ ఆ దేశంలోనే ఉన్నారు. అదే సమయానికి, ఆ ఊరికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్లెసెత్స్క్ నుంచి కాస్మోస్-955 ఉపగ్రహాన్ని మోసుకుంటూ రాకెట్ లేచింది. కింద ఇంకా చీకటి, పైన రాకెట్ ఉన్న ఎత్తులో అప్పటికే ఎండ. రాకెట్ వదిలిన వాయువులు పలచటి గాలిలో వందల కిలోమీటర్ల మేర విచ్చుకుని ఆ ఎండకు మెరిశాయి. ప్లెసెత్స్క్ అనే ప్రయోగ కేంద్రం ఉందని సోవియట్ ప్రభుత్వం 1983 దాకా ఒప్పుకోలేదు. లేని కేంద్రం నుంచి రాకెట్ లేచిందని ఏ అధికారి చెబుతాడు? చివరికి రాకెట్ ప్రయోగ సమయాన్ని, వెలుగు కనిపించిన సమయాన్ని బహిరంగంగా జతచేసి చూపినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది అమెరికాకు చెందిన అంతరిక్ష రచయిత జేమ్స్ ఓబెర్గ్‌ను. సెట్కాలో పనిచేసిన యూలీ ప్లాతోవ్, బోరిస్ సొకొలోవ్ తర్వాతి రోజుల్లో తమ పని సారాంశం రాశారు. వచ్చిన నివేదికల్లో నూటికి తొంభై పైన రాకెట్లు, ఎత్తున ఎగిరే బెలూన్లు, ఇతర మామూలు కారణాలేనని తేల్చారు. పదమూడేళ్ల దర్యాప్తులో పెద్ద వాటా, ఒక శాఖ చేస్తున్న పని ఇంకో శాఖకు తెలియకపోవడం వల్ల పుట్టిన పనే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన వైపు రండి. 2022 డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా తీరంలోని కలాం దీవి నుంచి అగ్ని-5 పరీక్ష జరిగింది. బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల్లో జనం ఆకాశంలో వింత వెలుగు చూసి ఫోన్లు తీశారు. పెట్రోజవోద్స్క్‌లో తెల్లవారుజామున జరిగింది ఇక్కడ పొద్దుగూకిన వేళ జరిగింది, సూత్రం ఒక్కటే. తేడా ఏమిటంటే ఆ రాత్రికే పరీక్ష వార్త బయటికి వచ్చింది, రహస్యం పూట కూడా నిలవలేదు. మన శ్రీహరికోట నుంచి సూర్యోదయానికి ముందు లేచే రాకెట్లకూ ఇదే వర్తిస్తుంది. 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52 ఉదయం 5 గంటల 59 నిమిషాలకు లేచింది. అలాంటి రోజున కోస్తా జిల్లాల్లో పెందలాడే లేచినవాళ్లకు ఆకాశం వింతగా కనిపిస్తే, మొదట చూడాల్సింది ఇస్రో ప్రయోగాల పట్టిక.

ఆ ఏడాదే ఏప్రిల్ 2న, సరిగ్గా ఉగాది రాత్రి, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ ఆకాశంలో మండుతున్న ముక్కల వరుస సాగిపోయింది. ఆదిలాబాద్‌కు ఎగువన ఉండే చంద్రపూర్ జిల్లా సిందేవాహి ప్రాంతంలో పెద్ద లోహపు వలయం, గోళాకారపు ట్యాంకు లాంటివి పడ్డాయి. ఇస్రో వాళ్లు వచ్చి చూశారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్ జెంగ్-3బీ రాకెట్ దశ వాతావరణంలోకి తిరిగి వచ్చి కాలిపోయిందని కక్ష్యల లెక్కలు గమనించే నిపుణులు చెప్పారు. దీన్ని ఉల్క అనుకున్నవాళ్లు చాలామంది. రెంటికీ తేడా గడియారంలో దొరుకుతుంది. ఉల్క సాధారణంగా ఒకటి రెండు క్షణాల్లో అయిపోతుంది, మహా అయితే కొన్ని సెకన్లు. కక్ష్య నుంచి జారిన శకలం క్షితిజానికి సమాంతరంగా, తాపీగా, అర నిమిషం పైన సాగుతుంది. "చూడమని ఇంట్లోవాళ్లను పిలిచాను, వాళ్లూ వచ్చి చూశారు" అని ఎవరైనా అంటే, ఉల్క కాదని నేను అక్కడే నిర్ణయానికి వచ్చేస్తాను.

బెలూన్ల సంగతి మన హైదరాబాద్‌కే బాగా తెలియాలి. ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉంది. అక్కడి పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ముప్పై కిలోమీటర్ల పైకి వెళతాయి. కింద చీకటి పడ్డాక కూడా వాటి మీద కాసేపు ఎండ ఉంటుంది కాబట్టి, కదలని నక్షత్రంలా మెరుస్తాయి. 2022 డిసెంబరులో ఇక్కడి నుంచే ఎగిరిన ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగ గూడు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని పొలాల్లో దిగితే జనం గుంపులుగా చూడటానికి వెళ్లారు.

ఇక మీ ఊరి వెలుగు. ఫోటోలు పంపారు, ధన్యవాదాలు, కానీ వాటితో పెద్ద ఉపయోగం లేదు. ఫోను కెమెరా చీకట్లో చుక్క మీద దృష్టి నిలపలేదు. జూమ్ చేస్తే ఏ నక్షత్రమైనా గుండ్రని బిళ్లలా, అంచులు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ, ఎరుపు మెరుపులు దిగంతం దగ్గరి గాలి పొరలు చేసే పని. అందుకే పైకి వచ్చేకొద్దీ రంగులు తగ్గి తెల్లబడుతుందని మీరే రాశారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు పనికొచ్చిన వాక్యం అదే.

మీరు చేయాల్సింది ఇది. మేడ మీద ఒక చోటు గుర్తు పెట్టుకోండి. అక్కడే నిలబడి, ఎదురుగా కదలని గుర్తు ఒకటి చూసుకోండి. కరెంటు స్తంభం, గుడి గోపురం, నీళ్ల ట్యాంకు, ఏదైనా సరే. వెలుగు ఆ గుర్తును దాటిన సమయం నిమిషాలతో సహా రాయండి. ఫోను గడియారం చాలు. ఎత్తు కొలవడానికి చేయి చాచి పిడికిలి బిగించండి, అది సుమారు పది డిగ్రీలు. కొండ అంచు మీద ఎన్ని పిడికిళ్ల ఎత్తున ఉందో చూడండి. పక్కనే కనిపించే రెండు మూడు చుక్కలను కలిపి కాగితం మీద చిన్న బొమ్మ గీయండి. వారం రోజులు ఇలా చేయండి.

నక్షత్రం అయితే ప్రతి రోజూ అదే గుర్తు దగ్గరకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది. గురుడు కూడా దాదాపు అంతే. శుక్రుడికి తన సొంత నడక ఉంటుంది కాబట్టి ఆ తేడా మారుతుంది, కానీ పద్ధతిగానే మారుతుంది, ఒకరోజు అరగంట ముందు, ఒకరోజు గంట వెనక రాదు. డ్రోన్ ఎగరేసేవాడు మీ గడియారం చూసుకుని నిమిషాల లెక్కన ఎగరేయడు, పైగా మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట దాటితే గొప్ప. అడ్డదిడ్డమైన వేళల్లో వచ్చినా, నక్షత్రాలను దాటుకుంటూ పోయినా అప్పుడు దాన్ని డ్రోన్‌గానే చూసి పోలీసులకు చెప్పండి. మీ కొండకు అవతల విమానాశ్రయమో, రక్షణ కేంద్రమో ఉంటే వారం కూడా ఆగవద్దు.

ఒకవేళ ఎప్పుడైనా పైనుంచి ఏదైనా నేల మీద పడితే మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు. రాకెట్ ట్యాంకుల్లో హైడ్రజిన్ అనే విష ఇంధనం మిగిలి ఉండే అవకాశం ఉంది. 112కు ఫోన్ చేయండి, తహసీల్దారుకు చెప్పండి.

వారం తర్వాత మీ కాగితం ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. తేదీ, సమయం, గుర్తు, పిడికిళ్ల లెక్క, ఊరి పేరు వద్దనుకుంటే మండలం పేరైనా చాలు. దాన్ని ఆ రోజుల గ్రహస్థానాలతో పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.